జిల్లా మీట్‌కి ఆన్‌లైన్ ఎంట్రీలు: ఆటగాడిది ఏ క్లబ్బో తేల్చుకునే పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

ఎంట్రీలు మూసిన రాత్రి నిర్వాహకులకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. "మా వాడి పేరు లిస్టులో లేదేంటి సార్" అనేది ఒకటి. "ఆ అమ్మాయి మా క్లబ్బు పిల్ల కదా, వాళ్ల పేరు మీద ఎలా రాసుకున్నారు" అనేది ఇంకొకటి. మొదటిది అర నిమిషంలో తేలిపోతుంది. రెండోదాన్ని ఆ రాత్రి సర్దిచెప్పినా, మర్నాడు రిలే జట్టు లైన్లో నిలబడ్డాక మళ్లీ లేస్తుంది. టీమ్ ఛాంపియన్‌షిప్ పాయింట్లు కూడేటప్పుడు ఇంకోసారి లేస్తుంది. ఈ గొడవలో నలిగేది మాత్రం పద్నాలుగేళ్ల పిల్ల. అందుకే క్లబ్ సభ్యత్వం తేల్చే పని ఎంట్రీ ఫారం దగ్గరే అయిపోవాలి, గ్రౌండ్ దాకా రాకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీట్లు పెట్టే క్లబ్బులు, సంఘాలు ఇప్పుడు చాలావరకు ఎంట్రీలు ఫోన్లోనే తీసుకుంటున్నాయి. సభ్యత్వం సరిచూడడానికి వాడదగ్గ పద్ధతులు ఐదు. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ముందు మూడు ప్రశ్నలు విడదీయండి

వచ్చినవాడు ఆ పేరుగల మనిషేనా? వాడి వయసెంత? వాడు ఆ క్లబ్ సభ్యుడేనా, ఎప్పటినుంచి? చాలా ఫారాలు ఈ మూడింటికీ కలిపి ఆధార్ కాపీ ఒక్కటి అడిగి ఊరుకుంటాయి. ఆధార్ మొదటి ప్రశ్నకే జవాబు. అది పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. వయసుకి జనన ధ్రువపత్రం చూడాలి. అందులోనూ పుట్టిన తేదీతో ఆగకుండా రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. పిల్లాడు పుట్టిన ఏడెనిమిదేళ్లకు రిజిస్టరైన కాగితమైతే స్కూలు అడ్మిషన్ రికార్డుతో కలిపి చూసుకోవాలి.

మూడో ప్రశ్నకి జవాబు ప్రభుత్వ కాగితం ఏదీ ఇవ్వదు. చెప్పగలిగింది క్లబ్ ఒక్కటే. కాబట్టి పద్ధతి ఏదైనా మూడు సంగతులు అడగండి: "అవును, మా సభ్యుడే" అన్నది ఎవరు, ఎప్పుడన్నారు, ఆ తర్వాత ఆ మాట మార్చడానికి వీలుందా?

లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఫొటో తీసి అప్‌లోడ్

ఎక్కువమంది వాడేది ఇదే, అన్నిట్లోకీ బలహీనమైనదీ ఇదే. గూగుల్ ఫారంలో ఫైలు అప్‌లోడ్ పెడితే నింపేవాళ్లు జీమెయిల్‌తో లాగిన్ అవ్వాల్సిందే. అమ్మ ఫోన్లోనో పక్కింటి అన్న ఫోన్లోనో నింపే పిల్లలు అక్కడే ఆగిపోతారు. అప్‌లోడ్ అయినవాటిలో సగం నీడ పడ్డ ఫొటోలు, స్టాంపు మీద సంతకం పడి పేరు కనపడనివి. తేదీ పోయినేడాదిది ఉంటుంది. ఖాళీ లెటర్‌హెడ్ల మీద ముందే స్టాంపు వేసి కోచ్ చేతిలో పెట్టే అలవాటు ఉన్నచోట ఆ ఉత్తరానికి విలువే లేదు.

పని ఎంతో కూడా లెక్కేసుకోండి. 320 ఎంట్రీలు, ఒక్కో ఉత్తరం తెరిచి చదవడానికి రెండు నిమిషాలనుకుంటే 640 నిమిషాలు. పదిన్నర గంటలకు పైగా కూర్చుంటే తేలేది ఏమిటంటే, ప్రతివాడి దగ్గరా ఒక కాగితం ఉంది అని.

ఉత్తరమే కావాలంటే మనిషికొకటి వద్దు, క్లబ్బుకొకటి తీసుకోండి. పేర్లన్నీ వరస నంబర్లతో రాసి, చివరి పేరు కింద అడ్డగీత కొట్టి, "మొత్తం ఇరవై ఏడుగురు" అని అక్షరాల్లో రాసి, దాని కింద సంతకం. తర్వాత ఇంకో పేరు చొప్పించడానికి చోటుండదు. యాభై అరవై ఎంట్రీల చిన్న మీట్‌కి ఇది చాలు.

క్లబ్బే అందరి పేర్లూ ఎక్కించడం

ఇక్కడ ఆటగాడు ఫారం ముట్టుకోడు. ఒక్కో క్లబ్ కార్యదర్శికి ఒక లింకు ఇస్తారు, ఆయనే పేర్లు, ఈవెంట్లు నింపుతాడు. ఎంట్రీ వేయడమే సభ్యుడని ఒప్పుకోవడం కాబట్టి సభ్యత్వం ప్రశ్న చాలావరకు అక్కడితో తీరుతుంది.

చెడేది వేరేచోట. డెబ్బై మంది పేర్లు ఒక్క మనిషి ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి టైపు చేస్తాడు. 400 మీటర్లు కొట్టాల్సిన చోట 800 పడుతుంది, అండర్-16 అమ్మాయి అండర్-18లోకి పోతుంది. దీనికంటే బాధ కలిగించేది ఇంకోటుంది: క్లబ్ మారాలనుకుంటున్న పిల్లాడి పేరు కార్యదర్శి కావాలనే వేయడు. ఏ క్లబ్బూ లేకుండా ఊరి రోడ్డు మీద పరిగెత్తి సాధన చేసే కుర్రాడికైతే దారే లేదు. ఈ పద్ధతి ఎంచుకుంటే "క్లబ్ లేనివారు" అని వేరే ఎంట్రీ తప్పకుండా పెట్టండి. వాళ్లు పోటీలో దిగుతారు, పతకం గెలుస్తారు. టీమ్ పాయింట్లు మాత్రం ఎవరికీ పడవు. పిల్లల్ని కాగితం లేదని గేటు బయట నిలబెట్టే మీట్ ఎంత బాగా జరిగినా బాగా జరిగినట్టు కాదు.

ముందే సభ్యుల జాబితా తీసుకుని ఎంట్రీలతో సరిపోల్చడం

60 నుంచి 500 ఎంట్రీల దాకా వచ్చే జిల్లా స్థాయి మీట్‌కి మా ఓటు దీనికే. కాస్త ముందు చూపు కావాలి గానీ ఆఖరి వారం ప్రశాంతంగా గడుస్తుంది.

మీట్‌కి ఇరవై రోజుల ముందు సర్క్యులర్ వెళ్లాలి. క్లబ్బులు తమ సభ్యుల జాబితాను వారంలోగా పంపాలి. జాబితాలో కావలసినవి: సభ్యత్వ నంబరు, పేరు, తండ్రి లేదా తల్లి పేరు, పుట్టిన తేదీ, మండలం, క్లబ్బులో చేరిన తేదీ. మన దగ్గర చాలా క్లబ్బుల్లో హాజరు పుస్తకమే తప్ప సభ్యత్వ నంబర్లు ఉండవు. పర్వాలేదు, మీరే ఇవ్వండి. టెక్కలి క్లబ్బైతే టెక్-001 నుంచి, బొబ్బిలి క్లబ్బైతే బొబ్-001 నుంచి. హాజరు పుస్తకం పేజీ ఫొటో ఒకటి వెంట తీసుకుంటే చేరిన తేదీకి ఆధారం ఉంటుంది.

జాబితాలన్నీ వచ్చాక ఒకే గూగుల్ షీటులో చేర్చి, కాపీ తీసి తాళం వేయండి. ఇక దాన్ని ఎవరూ మార్చకూడదు, మీరు కూడా. అప్పుడు పేరు, పుట్టిన సంవత్సరం, క్లబ్, ఈ మూడే ఉంచి కార్యదర్శులందరికీ పంపి, అభ్యంతరాలకు మూడు రోజులు ఇవ్వండి. అసలు దొంగ దొరికేది ఇక్కడే. ఒకే పిల్లవాడు రెండు క్లబ్బుల జాబితాల్లో ఉంటే పక్క క్లబ్బువాళ్లు చూసిన వెంటనే పట్టేస్తారు. ఏ సాఫ్ట్‌వేరూ అంత బాగా పట్టదు.

ఆ తర్వాత ఆటగాళ్లు సొంతంగా ఫారం నింపుతారు. షీటు సరిపోల్చేది పేరుతో కాకూడదు. సభ్యత్వ నంబరు పక్కన పుట్టిన సంవత్సరం అతికించి ఒకే మాటగా చేయండి: టెక్-014-2010. రెండు షీట్లలోనూ ఇదే గడి ఉంటే వెతికి జతచేసే వీలుకప్ (VLOOKUP) సూత్రంతో సెకనులో తేలుతుంది. దొరికితే ఆమోదం. నంబరు ఉండి సంవత్సరం కలవకపోతే ఆపి ఉంచడం. నంబరే లేకపోతే క్లబ్బుకు కబురు.

పేరుతో ఎందుకు వద్దంటే, మనవాళ్ల పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. స్కూల్లో ఇంటిపేరు ఒక అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, క్లబ్ పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. వెంకటరమణ ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. పైగా వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరుపడ్డ నెల్లిమర్ల మండలం కొండవెలగాడలాంటి ఊరి నుంచి ఒకే ఇంటిపేరుతో నలుగురు ఒకే పోటీకి వస్తే అందులో వింతేమీ లేదు.

షీటులో తప్పులు వచ్చే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. 014 అని కొడితే షీటు దాన్ని 14 చేసేస్తుంది, ఇక ఏదీ కలవదు. అతికించే ముందే ఆ నిలువు వరసను ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చాలి, అతికించాక మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. తేదీలది ఇంకా మోసం. షీటు సెట్టింగుల్లో దేశం అమెరికాగా ఉంటే 05/08/2010ని ఆగస్టు 5 అనుకోకుండా మే 8గా తీసుకుంటుంది. 25/08/2010 వచ్చేసరికి ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా లెక్కపెట్టక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే 12లోపు తేదీలు తిరగబడతాయి, పై తేదీలు బాగానే కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. సెట్టింగుల్లో భారత్ పెట్టండి, లేదా రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు గడుల్లో అడగండి. రెండోది ఇంకా మేలు. ఫోన్ కీబోర్డు మాట చివర తనంతట తాను ఒక ఖాళీ చేరుస్తుంది, అది కంటికి కనపడదు గానీ సరిపోల్చేటప్పుడు అడ్డం పడుతుంది. ట్రిమ్ సూత్రం వాడితే పోతుంది. సున్నా బదులు ఇంగ్లిషు 'ఓ' కొట్టేవాళ్లూ ఉంటారు.

రుసుము విషయం ఒక్క మాట. ఎంట్రీ ఆమోదమయ్యాకే డబ్బు తీసుకోండి. ముందే తీసుకుంటే ఆగిన ఎంట్రీలకు తిరిగివ్వడం పెద్ద పని. యూపీఐలో పంపినవాడి పేరు మామయ్యది, ఎంట్రీ పేరు మేనల్లుడిది. పన్నెండు అంకెల లావాదేవీ నంబరు ఫారంలో అడిగితేనే ఆ ముడి విడుతుంది.

ఆటగాడు నింపడం, క్లబ్ ఫోన్లో ఒప్పుకోవడం

జాబితా అడిగే వ్యవధి లేనప్పుడు ఇది రెండో మంచి దారి. ఎవరికి వారు ఎంట్రీ వేసుకుంటారు. రోజూ సాయంత్రం ఆ రోజు వచ్చిన పేర్లు ఏ క్లబ్బువి ఆ క్లబ్ కార్యదర్శికి పంపుతారు. ఆయన ఒక్కో పేరుకి ఎదురుగా అవును, కాదు రాసి తిప్పి పంపుతాడు.

మూడు నియమాలు లేకపోతే ఇది నిలబడదు. జవాబు ముందే మీ దగ్గర నమోదైన నంబరు నుంచే రావాలి. రాతలో రావాలి, ఫోన్లో మాట చెల్లదు. 48 గంటల్లో జవాబు రాకపోతే అది అంగీకారం కాదని, ఆ ఎంట్రీ క్లబ్ లేనివారి కింద మారుతుందని సర్క్యులర్లోనే రాయాలి. ఈ మూడోది లేని చోట, జవాబివ్వని, పట్టించుకోని కార్యదర్శులు ఉన్న క్లబ్బుల పేరు మీద ఎవరైనా ఎంట్రీ వేసుకోగలరు. అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఈ జాబితాలు పెట్టకండి. ఒకరి జవాబు చూసి ఇంకొకరు మారుస్తారు, పిల్లల పుట్టిన తేదీలు ఊరంతా తిరుగుతాయి.

ఆటగాడి ఆధార్‌కి జోడించిన ఫోన్‌కి ఓటీపీ పంపే ఏర్పాటు మాత్రం మన ప్రాంతానికి పనికిరాదు. ఉద్దానం పల్లెల్లోనూ ఇంకా చాలాచోట్లా నాన్న చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటాడు, ఆధార్‌కి జోడించింది ఆయన నంబరే. ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన పని మధ్యలో చూసి చెప్పేసరికి గడువు దాటిపోతుంది. పైగా ఆ ఓటీపీ తేల్చేది ఫోన్ ఎవరిదో, క్లబ్ ఏదో కాదు.

సమాఖ్య ఐడీ, రెడీమేడ్ వెబ్‌సైట్లు

అథ్లెటిక్స్‌లో భారత సమాఖ్య ఇచ్చే యూఐడీ (ఆధార్ కాదు, సమాఖ్య నమోదు నంబరు), బ్యాడ్మింటన్‌లో జాతీయ సంఘం ఇచ్చే బాయ్ (BAI) ఐడీ, చదరంగంలో అఖిల భారత సమాఖ్య నమోదు, ఇవి ఉన్నవాళ్ల దగ్గర తప్పకుండా తీసుకోండి. పై స్థాయి పోటీలకి ఎలాగూ అడుగుతారు. ఆ ఐడీ చెప్పేది ఈ పిల్లాడు సమాఖ్య దగ్గర నమోదయ్యాడని. ఈ నెలలో ఏ క్లబ్ తరఫున ఆడుతున్నాడన్నది వేరే ప్రశ్న. అండర్-14లో మొదటిసారి దిగేవాళ్ల దగ్గర ఐడీయే ఉండదు. కాబట్టి దీన్ని తోడుగా వాడండి, ఆధారంగా కాదు.

ఎంట్రీలు తీసుకునే వెబ్‌సైట్లు కొన్ని క్లబ్బుకొక రహస్య కోడ్ ఇస్తాయి. ఆ కోడ్ గ్రూపులో పడటానికి గంట చాలు. మనిషికొక కోడ్ ఇచ్చే ఏర్పాటుందా, మీ జాబితాను ముందే ఎక్కించి సరిపోల్చగలదా, మీట్ అయ్యాక డేటా మొత్తం మీకిచ్చి తన దగ్గర చెరిపేస్తుందా అని అడగండి. మూడింటికీ అవునంటే, 500 దాటే మీట్‌కి ఆ ఖర్చు పెట్టొచ్చు. లేదంటే షీటే నయం.

జిల్లా మారిన మండలాలు

మన దగ్గర తరచూ వచ్చే చిక్కు ఇది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలో కలిశాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాకు పోయాయి. రాజాం కుర్రాడి జనన ధ్రువపత్రంలో శ్రీకాకుళం, ఆధార్‌లో ఇప్పటికీ శ్రీకాకుళం, ఇప్పుడు చదివే కాలేజీ బోనఫైడ్‌లో విజయనగరం. క్లబ్ రిజిస్ట్రేషన్ పాత జిల్లాలోనే అయి ఉండొచ్చు. నాలుగు కాగితాలూ నిజమైనవే, ఒకదానితో ఒకటి కలవవు. దొంగ కాగితాలని తోసేస్తే ఆ పిల్లాడికి అన్యాయం చేసినట్టే.

ఫారంలో జిల్లా పేరు అడగకండి. మండలం అడగండి, అదీ టైపు చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకోనివ్వండి. జిల్లా ఏదో షీటే తేలుస్తుంది. ఆ జాబితాలో ఆమదాలవలస, రేగిడి ఆమదాలవలస రెండూ పక్కపక్కన కాకుండా దూరంగా వచ్చేలా చూడండి. మొదటిది శ్రీకాకుళం, రెండోది విజయనగరం, తొందరలో వేలు ఒకదాని బదులు ఇంకోదాని మీద పడుతుంది. మీ క్రీడ రాష్ట్ర సంఘం పాత 13 జిల్లాల లెక్కన జట్లు తీసుకుంటోందా, కొత్త జిల్లాల లెక్కనా అన్నది ముందే రాతలో తెచ్చుకుని సర్క్యులర్ మొదటి పేజీలో వేయండి.

ఇచ్ఛాపురం వైపు ఇంకో రకం. క్లబ్ ఇక్కడ, ఇల్లు ఒడిశాలో. క్లబ్ మీట్ అయితే సభ్యత్వం చాలు. జిల్లా జట్టు ఎంపిక కూడా అదే మీట్లో ఉంటే నివాసం నియమం వేరుగా రాయాలి, లేకపోతే గెలిచాక గొడవ. బడుల మీట్లను కూడా వీటితో కలపకండి. అక్కడ క్లబ్ బదులు బడి, హెచ్ఎం ఇచ్చే స్టడీ సర్టిఫికెట్టే ఆధారం. వయసు విభాగాలూ వేరు: బడి ఆటల్లో 14, 17, 19. అథ్లెటిక్స్ సంఘంలో 14, 16, 18, 20.

క్లబ్ మారినవాళ్లు

గొడవల్లో పెద్ద భాగం ఇక్కడివే. సర్క్యులర్ తేదీ నాటికి ఏ క్లబ్బులో ఉంటే ఆ క్లబ్బే, ఆ తర్వాత చేరినవాళ్లు ఈ మీట్లో కొత్త క్లబ్బుకి పాయింట్లు తేలేరు అని ఒక్క వాక్యం రాయండి. పోటీ ముందురోజు బలమైన ఆటగాడిని లాగేసుకునే పని అంతటితో ఆగుతుంది. పాత క్లబ్బుని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగితే ఏడు రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇచ్చినట్టే అని కూడా చేర్చండి. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిదే పెడితే పిల్లలు క్లబ్బులకు కట్టుబానిసలవుతారు.

కాపీలు, సమ్మతి

ఆధార్ కాపీలు అప్‌లోడ్ చేయించుకోకండి. రిపోర్టింగ్ కౌంటర్లో అసలుది చూసి వెంటనే ఇచ్చేయండి. కాపీ తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఫారంలో ఆ గడి తెలుగులో, చదివితే అర్థమయ్యేలా పెట్టండి. షీటు లింకు "లింకున్న ఎవరైనా" చూసేలా ఉంటే ఈ జాగ్రత్తలన్నీ వృథా. పేరుపేరునా ఇద్దరు ముగ్గురికి మించి తలుపు తెరవకండి.

ఇంత చేసినా గ్రౌండ్ మీద అభ్యంతరం వస్తే

పోటీకి ముందు ఆటగాళ్లను పిలిచి సరిచూసే కాల్ రూమ్‌లో చెస్ట్ నంబరు, పేరు, క్లబ్, మండలం ఉన్న కాగితం పెట్టుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. అభ్యంతరం వస్తే రాసి ఇమ్మనండి, వచ్చిన సమయం వేయండి. పిల్లని వెనక్కి పంపొద్దు, ప్రొటెస్ట్ కింద, అంటే అభ్యంతరం తేలేదాకా ఫలితం ఆపి, పరిగెత్తనివ్వండి. ఫలితాన్ని తర్వాతైనా రద్దు చేయొచ్చు, ఆపిన పరుగు మాత్రం తిరిగి పెట్టలేం. ఆ ఈవెంట్ పతకం, పాయింట్లు పక్కన పెట్టి, తాళం వేసిన జాబితా కాపీ, మూడు రోజుల అభ్యంతరాల గడువులో వచ్చిన ఉత్తరాలు ఇద్దరు కార్యదర్శుల ముందూ పరచండి. జాబితాలో పేరు చూసి కూడా ఆ మూడు రోజుల్లో నోరు విప్పని క్లబ్బుకి సభ్యత్వం మీద ఇప్పుడు అడిగే హక్కు లేదని సర్క్యులర్లో ముందే రాసుంటే, ఆ బల్ల దగ్గర పావుగంటలో తేలుతుంది.